నట్టు ఉంది, బిగించలేదంతే

(కొలంబస్, ఒహాయోలో మన తెలుగువాళ్ళ వేసవి పిక్నిక్‌లో మాట్లాడింది. రికార్డింగ్ విని ఉన్నదున్నట్టే టైప్ చేశాం, మైక్ కుయ్యిమన్న చోట్లు మాత్రం తీసేశాం.)

వెనకవాళ్ళకి వినిపిస్తోందా అండి? చెయ్యెత్తండి... సరే. ఈ చెక్క డబ్బా ఎవరూ తెరవకండి, పిల్లలూ మీకే చెప్తున్నా, అందులో మీకే పనుంది, చివర్లో తీద్దాం. ముందు పెద్దవాళ్ళతో కాసేపు మాట్లాడేస్తా, ఎలాగూ పులిహోర అయిపోయేదాకా ఎవరూ కదలరు.

చాలామందికి నేను తెలుసు, తెలీనివాళ్ళకి చెప్తున్నా, నేనూ మీలాగే సాఫ్ట్‌వేరే, పగలంతా డేటాబేసులు చూసుకుంటా. 2011లో గరాజ్‌లోంచి కార్లు బయటికి తోసేసి ఒక విమానం మొదలుపెట్టా, 2018 మేలో అది ఎగిరింది. ఆర్వీ-9ఏ అంటారు. ఓరెగన్‌లో వాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ అని ఒక కంపెనీ ఉంది, రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అనే ఆయన 1970ల్లో మొదలుపెట్టింది, వాళ్ళ కిట్టు. పక్కపక్కన రెండు సీట్లు, ముందొక చక్రం వెనక రెండు, 160 హార్స్‌పవర్ లైకమింగ్ ఇంజన్. ఇలాంటి ఆర్వీలు ప్రపంచంలో పదకొండు వేలకి పైగానే ఎగిరాయి కాబట్టి నేనేదో కొత్తది కనిపెట్టేశానని అనుకోకండి, వాళ్ళు డ్రాయింగులిచ్చారు, రేకులిచ్చారు, నేను అతికించా.

ఎవరు కలిసినా అడిగేవి మూడే. ఎన్నేళ్ళు పట్టింది, ఎంతయింది, మీ ఆవిడ ఎలా ఒప్పుకుంది. ఏడేళ్ళు పట్టింది. ఎనభై ఐదు వేల డాలర్లు దాటాక లెక్క రాయడం మానేశా. మూడోదానికి ఆవిడ అదిగో అక్కడే కూర్చుంది, మీరే అడగండి. (నవ్వులు) ఎవరూ అడగనిది ఇంకోటుంది, కట్టేశాక దాన్ని ఎవరు చూసుకుంటారు అని. కారుకైతే డీలర్ ఉంటాడు. దీనికి నేనే డీలర్ని, నేనే మెకానిక్‌ని, నేనే కస్టమర్‌ని, పాడైతే నా మీద నేనే అరుచుకోవాలి. ఇవాళ మాట్లాడాలనుకున్నది ఈ సంగతే.

రూల్స్ ఒక నిమిషంలో చెప్పేస్తా. ఇక్కడ విమానాలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ ఎఫ్ఏఏ, వాళ్ళు ఇలాంటివాటిని ఎక్స్‌పెరిమెంటల్ కింద పెడతారు. పనిలో సగానికి మించి, అందరూ 51 శాతం రూల్ అంటారు, సరదా కోసమో నేర్చుకోడానికో కట్టుకునేవాళ్ళు స్వయంగా చేసి ఉండాలి, డబ్బులిచ్చి వేరేవాళ్ళ చేత మొత్తం కట్టించేసుకుంటా అంటే కుదరదు. అందుకే ప్రతి రోజూ ఫోటోలు తీసి డైరీ రాసుకుంటాం, చివర్లో ఇన్‌స్పెక్టర్ వచ్చి విమానాన్నీ చూస్తాడు, ఆ డైరీనీ చూస్తాడు. ఎక్కేచోట ఎక్స్‌పెరిమెంటల్ అని రెండంగుళాల అక్షరాలు ఉండాలి, లోపల ప్యాసింజర్‌కి కనపడేలా ఒక ప్లేటు ఉండాలి, ఇది ఔత్సాహికులు కట్టిన విమానం, మామూలు విమానాలకుండే ఫెడరల్ భద్రతా నిబంధనలకి సరిపోదు అని. మా అత్తగారు వచ్చినప్పుడు ఆ ప్లేటు మొత్తం చదివి, నెమ్మదిగా కళ్ళజోడు తీసి సంచిలో పెట్టుకుని, ఇక చదవాల్సిందేం లేదు కదా పద అన్నారు.

డేటన్ ఇక్కడికి గంట చిల్లర దూరం, మీలో చాలామంది పిల్లల్ని తీసుకెళ్ళి ఆ సైకిల్ షాపు చూపించే ఉంటారు. రైట్ అన్నదమ్ములూ మాలాంటివాళ్ళే, సైకిళ్ళ వ్యాపారం చేసుకుంటూ ఖాళీ టైమ్‌లో కట్టారు. 1903 డిసెంబర్ 17న మొదటిసారి ఎగిరింది 12 సెకన్లు, 120 అడుగులు. ఐతే ఇంజన్ ఎవరు చేశారో అడిగితే చాలామంది చెప్పలేరు. బయట కంపెనీలు ఎవరూ వాళ్ళకి కావాల్సినంత తేలిక ఇంజన్ చేసివ్వకపోతే, షాపులో పనిచేసే చార్లీ టేలర్ అనే మెకానిక్ ఆరు వారాల్లో చేసిపెట్టాడు, 12 హార్స్‌పవర్. పుస్తకాల్లో పేరు అన్నదమ్ములది, పానా పట్టుకున్నది టేలర్. యాభై ఏళ్ళు విమానాల పని చేసిన మెకానిక్‌లకి ఎఫ్ఏఏ వాళ్ళు ఒక అవార్డిస్తారు, అది టేలర్ పేరు మీదే ఉంది. మా చిన్న ఎయిర్‌పోర్ట్‌లో ఆ అవార్డున్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు, ఆయన పేరు చెప్తే ఒప్పుకోడు కాబట్టి పెద్దాయన అనే అంటా, మళ్ళీ వస్తాడు ఈ కథలో.

సొంతంగా కట్టినవాడికి రిపేర్‌మన్ సర్టిఫికెట్ ఇస్తారు. ఆ ఒక్క విమానానికే చెల్లుతుంది, పక్క హ్యాంగర్‌లో, అంటే విమానాలు పెట్టుకునే షెడ్డులో, అచ్చం అలాంటిదే ఇంకోటున్నా దానికి చెల్లదు. పన్నెండు నెలలకోసారి కండిషన్ ఇన్‌స్పెక్షన్ చెయ్యాలి, ఈ సర్టిఫికెట్ ఉంటే దాన్ని మనమే చేసి లాగ్‌బుక్‌లో మనమే సంతకం పెట్టుకోవచ్చు. లేకపోతే లైసెన్సున్న మెకానిక్ పెట్టాలి. వినడానికి బ్రహ్మాండంగా ఉంది కదా? నాకూ అలాగే అనిపించింది, ఫ్రేమ్ కట్టించి గోడకి కూడా పెట్టుకున్నా. కానీ ఆలోచించండి, పరీక్ష రాసిందీ నేనే, దిద్దిందీ నేనే.

మా నాన్న తెనాలిలో ఆయిల్ ఇంజన్లు, నీళ్ళ మోటార్లు రిపేర్ చేసేవాడు. షెడ్డులో ఒక పాత స్టీలు పళ్ళెం ఉండేది, ఇంజన్ విప్పితే ప్రతి నట్టూ ప్రతి వాషరూ అందులోకే పోవాలి, బిగించాక పళ్ళెం ఖాళీ అవ్వాలి. ఒక్క వాషర్ మిగిలినా సరే, రైతు బండి కట్టుకుని బయట నిలబడి ఉన్నా సరే, మళ్ళీ విప్పేవాడు. నేను ఆ పళ్ళెం పద్ధతే ఇక్కడా పెట్టుకున్నా, మఫిన్లు చేసుకునే ట్రేలు కొని, ఒక్కో గుంటలో ఒక్కో చోటి స్క్రూలు. పదేళ్ళు ఆ పద్ధతి నన్ను బాగానే కాపాడింది. తర్వాత ఒకసారి పనిచెయ్యలేదు, దానికే వస్తున్నా.

ముందు ఆ ఏడాదికోసారి చేసే ఇన్‌స్పెక్షన్ ఎలా ఉంటుందో చెప్తా. నాకు నాలుగు శనాదివారాలు పడుతుంది. ముందు ఇంజన్ మీద మూత, కౌలింగ్ అంటాం, అది తీసేస్తాం, సీట్లు తీసేస్తాం, నేల పలకలు తీసేస్తాం, రెక్కల కింద తలుపులన్నీ విప్పేస్తాం, చూస్తే పెళ్ళయిపోయిన తర్వాత విడిదింట్లో సామానులా ఉంటుంది.

ఇదిగో ఇది చేతులు మార్చండి, జాగ్రత్త, అంచు కోస్తుంది. ఇది ఆయిల్ ఫిల్టర్. కార్లో అయితే మార్చి చెత్తబుట్టలో పడేస్తారు, మేం అలా పారెయ్యం, ప్రతి 50 గంటలకీ ఆయిల్ మార్చినప్పుడల్లా దీన్ని రేకుల కత్తెర లాంటి కట్టర్‌తో గుండ్రంగా కోసి, లోపలి మడతల కాగితం బయటికి లాగి, ఎండలో పరిచి మడత మడతా చూస్తాం. మా అమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరినట్టే. ఏమైనా మెరిస్తే అయస్కాంతం పెట్టి చూస్తాం, అంటుకుంటే ఇనుము, అంటుకోకపోతే అల్యూమినియమో ఇంకోటో. ఇనుమంటే క్యామ్ షాఫ్ట్, వాల్వుల్ని తెరిచే కడ్డీ, దాని దగ్గర అరుగుతున్నట్టు ఉండొచ్చు, అది పెద్ద ఖర్చు. లైకమింగ్‌లో క్యామ్ షాఫ్ట్ పైన ఉంటుంది, వారాల తరబడి ఎగరకుండా వదిలేస్తే ఆయిల్ అంతా కిందికి జారిపోయి అది ఎండిపోతుంది, తుప్పు పడుతుంది. కాబట్టి ఈ ఇంజన్‌కి వాడకం కన్నా వాడకపోవడమే చెడ్డ, మనింట్లో అటక మీద పెట్టిన గ్రైండర్‌లాగా.

ప్లగ్గులు చూద్దాం. మీలో లూనా నడిపినవాళ్ళు ఎంతమంది? చూశారా, చేతులు ఎన్ని లేచాయో. ప్లగ్గు విప్పి ఉప్పుకాగితంతో గీకి, నోటితో ఊది పెట్టేవాళ్ళం కదా, బ్యాటరీ కూడా ఉండేది కాదు, మాగ్నెటోతోనే స్పార్క్ వచ్చేది. నా విమానం ఇంజన్ కూడా అంతే అండి, డిజైను 1950లది, సిలిండర్‌కి రెండేసి ప్లగ్గులు, రెండు మాగ్నెటోలు, ఒకటి పోతే రెండోది నడుపుతుంది, బ్యాటరీ పూర్తిగా చచ్చినా ఇంజన్ ఆగదు. పెట్రోలు కూడా పాతకాలందే, 100 ఎల్ఎల్ అంటారు, నీలం రంగులో ఉంటుంది, ఇప్పటికీ అందులో సీసం కలుస్తోంది. ఆ సీసం కింది ప్లగ్గుల్లో చిన్న చిన్న ఆవగింజల్లా గడ్డకడుతుంది, దాన్ని సూదిలాంటి పనిముట్టుతో తవ్వి తీస్తాం. కింద పడిన ప్లగ్గు మాత్రం మళ్ళీ వాడం, లోపలి పింగాణీ చిట్లిందో లేదో బయటికి కనపడదు.

నాకు బాగా నచ్చేది కంప్రెషన్ టెస్టు. సిలిండర్‌లోకి 80 పౌండ్ల గాలి పంపించి, ఎంత నిలబడుతోందో రెండో మీటర్లో చూడాలి. 76, 78 వస్తే ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోవచ్చు. తక్కువొస్తే గాలి ఎటు పోతోందో చెవిపెట్టి వినాలి, పొగగొట్టంలోంచి ఉస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, కార్బురేటర్ వైపు నుంచొస్తే ఇన్‌టేక్ వాల్వు, ఆయిల్ పోసే గొట్టంలోంచొస్తే రింగులు. మా నాన్న చెవికి స్క్రూడ్రైవర్ ఆనించుకుని ఆయిల్ ఇంజన్ విన్నట్టే ఉంటుంది. ఇంకో మనిషి ప్రొపెల్లర్‌ని గట్టిగా పట్టుకుని ఉండాలి, ఎందుకంటే ఆ గాలికే అది గిర్రున తిరిగి చెయ్యి విరగ్గొట్టగలదు, ఇది ఒంటరిగా చేసే పని కాదు, అయినా చేసేవాళ్ళున్నారు.

పొగగొట్టాల్లో పగుళ్ళు అద్దం పెట్టి వెతుకుతాం. చలికాలంలో క్యాబిన్ హీటర్ గాలి ఆ గొట్టం చుట్టూ తిరిగే వస్తుంది, అక్కడ పగులుంటే కార్బన్ మోనాక్సైడ్ సీదా మన ముక్కులోకే, వాసన కూడా రాదు. పగులు దగ్గర గుర్తు పెట్టాలనిపిస్తే పెన్సిల్‌తో మాత్రం గియ్యకూడదు, వేడికి పెన్సిల్‌లోని కార్బన్ లోహంలోకి దిగి సరిగ్గా ఆ గీత వెంబడే పగులుతుంది. ఇది తెలియక నేను మొదటిసారి నీటుగా బాణం గుర్తులతో సహా గీసిపెట్టా.

ఇంక జంతుజాలం. గోడలకి మట్టిగూళ్ళు కట్టే కందిరీగలు ఉంటాయి చూడండి, వాటికి స్పీడు కొలిచే గొట్టం, ట్యాంకుకి గాలొచ్చే గొట్టం అంటే మహా ఇష్టం. ట్యాంకు గాలిగొట్టం మూసుకుపోతే పెట్రోలు రాదు. పొద్దున లేని గూడు సాయంత్రానికి ఉంటుంది, పిట్టలు ఇంకా నయం, కనీసం గడ్డిపరకలు బయటికి కనపడతాయి.

సరే, నట్టు కథ. 2021 వేసవి. ఎడమవైపు ఎయిలరాన్, రెక్క వెనకంచున పైకీ కిందికీ కదిలేది, అది పక్కనున్న ఫ్లాప్‌తో సమంగా లేదని నాకు చిరాకు. పెద్ద లోపం కాదు, కంటికి కొంచెం తేడా అంతే. దాన్ని తిప్పే కడ్డీ చివర మరలున్న ఒక ముక్క ఉంటుంది, రాడ్ ఎండ్ అంటారు, దాన్ని అరచుట్టు తిప్పితే కడ్డీ పొడవు మారుతుంది. తిప్పాక అది మళ్ళీ తిరక్కుండా వెనకనుంచి ఒక పలచటి నట్టు బిగించాలి, జామ్ నట్టు. బోల్టు విప్పా, అరచుట్టు తిప్పా, బోల్టు పెట్టా, కొలతప్రకారం బిగించా, ఇక జామ్ నట్టు బిగిద్దామని పానా అందుకుంటుంటే ఫోను. ఆఫీసులో ప్రొడక్షన్ డేటాబేసు పడిపోయింది. హ్యాంగర్‌లోనే ల్యాప్‌టాప్ తెరిచి రెండు గంటలు కూర్చున్నా. తిరిగొచ్చి చూస్తే బోల్టు బిగించి ఉంది, చక్కగా దాని మీద ఎర్ర రంగు గుర్తు వేశా, ఈ బోల్టు చూసేశాం అని వేసుకునే గుర్తది, తలుపు మూశా, ఎనిమిది స్క్రూలు బిగించా. ట్రే ఖాళీ. ఒక్క వాషర్ కూడా మిగల్లేదు.

మిగలదు కదా. నాన్న పళ్ళెం లెక్క ఇక్కడ పనిచెయ్యలేదు, ఎందుకంటే నట్టు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉంది, బిగించలేదంతే.

తర్వాత రెండు నెలల్లో 19 గంటలు ఎగిరా దాంట్లో. ఒకసారి మా అబ్బాయిని కూడా ఎక్కించుకున్నా. సెప్టెంబర్‌లో ఏడాది ఇన్‌స్పెక్షన్ వచ్చింది, చెక్‌లిస్టులో ఎయిలరాన్ కడ్డీలు, జామ్ నట్లు అని ఒక లైనుంది, తలుపు తీసి టార్చ్ వేసి చూశా, ఎర్ర గుర్తు కనపడింది, టిక్కు పెట్టా. చూశాననే అనుకున్నా! నిజంగా నేను చూసింది రెక్క లోపలికి కాదండి, నా జ్ఞాపకంలోకి, అందులో ఆ నట్టు బిగించే ఉంది.

సంతకం పెట్టే ముందు పెద్దాయన అటుగా వచ్చాడు. ఆయన చూసే పద్ధతే వేరు, కళ్ళు సరిగా కనపడవు కాబట్టి అన్నిటినీ చేత్తో తడుముతాడు. ఎడమ రెక్క కింద వంగి, లోపలికి చెయ్యి పెట్టి, ఒక్క నిమిషం ఆగి, నన్ను రమ్మని, నా వేలు తీసుకుని అక్కడ పెట్టాడు. నట్టు రెండు వేళ్ళతో గిరగిరా తిరుగుతోంది. ఆయన ఒక్క మాట అనలేదు. అంటే బావుండేది.

ఆ కడ్డీ వెంటనే ఊడి రాదు, రెండువైపులా బోల్టులున్నాయి కాబట్టి. కానీ వదులు నట్టుతో ప్రతి గంటా అదిరి అదిరి మరలు అరుగుతాయి, ఒకరోజు ఆ మరలు పట్టు వదిలేస్తే ఎడమవైపు ఎయిలరాన్ మన మాట వినదు. ఆ రోజు రాత్రి ఇంటికొచ్చాక మా అబ్బాయి హోమ్‌వర్క్ చేసుకుంటుంటే పక్కన కూర్చుని ఊరికే చూస్తూ ఉన్నా, ఏంటి డాడీ అన్నాడు, ఏంలేదు అన్నా. వాడికి ఇవాళే తెలుస్తోంది ఈ సంగతి. సారీ రా.

అప్పట్నుంచి కొన్ని మార్చుకున్నా. హ్యాంగర్‌లోకి ఫోను రాదు, కార్లోనే ఉంటుంది, ఆఫీసువాళ్ళకి వేరేవాళ్ళ నంబరిచ్చా. ఏదైనా విప్పితే అక్కడ ఒక ఎర్ర రిబ్బను కడతా, పూర్తిగా అయ్యేదాకా విప్పను, రిబ్బన్లకి నంబర్లున్నాయి, ఆరున్నాయి, ఎగిరే ముందు ఆరూ నా చేతిలో ఉండాలి. నాన్న పళ్ళెమే అనుకోండి, తిరగేసి. మధ్యలో ఎవరైనా పలకరిస్తే మూడు పనులు వెనక్కెళ్ళి మళ్ళీ మొదలుపెడతా. ఇక సంతకం నాదే అయినా ఇంకో మనిషి వచ్చి చెయ్యి పెట్టి చూడందే పెన్ను తియ్యను, ఆయన కోసం నా చెక్‌లిస్టు దాచేస్తా, నా టిక్కులు చూస్తే ఆయన కూడా అక్కడ బానే ఉందనుకుంటాడు కాబట్టి.

ఇలాంటి పెద్దమనుషుల్ని దొరికించుకోడానికే ఈఏఏ అని ఒక సంఘం ఉంది, 1953లో పాల్ పోబెరెజ్నీ అనే ఆయన మిల్వాకీలో మొదలుపెట్టాడు. ఊరూరా వాళ్ళ శాఖలున్నాయి, కట్టేటప్పుడు అడిగితే టెక్నికల్ కౌన్సిలర్ అని అనుభవమున్న ఒకరు మన గరాజ్‌కి వచ్చి చూసి తప్పులు చెప్పి పోతారు, పైసా తీసుకోరు, కాఫీ ఇస్తే తాగుతారు. ప్రతి జూలై ఆఖర్లో విస్కాన్సిన్‌లోని ఆష్‌కాష్‌లో వాళ్ళ తిరునాళ్ళు, ఆ వారంలో పదివేలకి పైగా విమానాలు దిగుతాయి ఆ చుట్టుపక్కల, అప్పుడు ఆ టవర్ ప్రపంచంలోకెల్లా బిజీ టవర్. దిగడమే ఒక వింత. రిపన్ అనే ఊరి దగ్గర్నుంచి రైలుపట్టాల వెంబడి ఒకదాని వెనక ఒకటి, అరమైలు ఎడంతో, 90 నాట్ల స్పీడులో ఫిస్క్ అనే పల్లె మీదికి రావాలి, అక్కడ కింద కుర్చీలేసుకుని బైనాక్యులర్లతో కంట్రోలర్లు ఉంటారు, మనం రేడియోలో మాట్లాడకూడదు, తెల్ల ఆర్వీ రెక్కలూపు అంటారు, ఊపాలి. మనం తల ఊపినట్టు. రన్‌వే మీద రంగు చుక్కలు వేసి ఉంటాయి, నువ్వు నారింజ చుక్క మీద దిగు, నీ వెనకాయన పచ్చ చుక్క మీద అని ఒకే రన్‌వే మీద వరసగా దించేస్తారు. మొదటిసారి నాకు చేతులు చెమటలు పట్టి స్టిక్ జారింది.

అక్కడ నాకు బాగా నచ్చింది ఏంటంటే, గడ్డిలో విమానం కట్టేసి పక్కన టెంటు వేసుకుంటే, ముక్కూ మొహం తెలియనివాళ్ళు వచ్చి మోకాళ్ళ మీద వంగి మన విమానం కిందికి దూరి చూస్తారు. మన దగ్గర ఎవరైనా కొత్తిల్లు చూసి గోడ వంకరగా ఉందంటే జన్మలో మాట్లాడం కదా, అక్కడ తప్పు చూపించడమే మర్యాద. ఒకాయన అలాగే చూసి నా పెట్రోలు గొట్టం ఇంజన్ పట్టీకి రాసుకుంటోందని చూపించాడు, పైతొడుగు అప్పటికే సగం అరిగింది. పేరు కూడా అడగలేదు నేను, థాంక్స్ చెప్పేలోపు పక్క విమానం కిందికి వెళ్ళిపోయాడు.

ఎగరడం గురించి తక్కువే చెప్తా, అది సినిమాలో చూపించినంత కాదు. కొత్తగా కట్టినదాన్ని మొదట జనం లేని చోట, వాళ్ళు గీసిచ్చిన హద్దుల్లో, ప్యాసింజర్ లేకుండా ఎగరేసి పరీక్షించాలి. ఇంజనూ ప్రొపెల్లరూ సర్టిఫైడ్ జత అయితే 25 గంటలు, లేకపోతే 40, నాది 25 వచ్చింది. మొదటిరోజు కొత్త ఇంజన్‌ని మెల్లగా నడపాలనిపిస్తుంది, మనకి కొత్త బండి అంటే నలభైలో పోవడం అలవాటు కదా, ఇక్కడ తిరగబడి ఉంటుంది, రింగులు సిలిండర్‌కి కూర్చోవాలంటే గట్టిగా పవర్ పెట్టే తిప్పాలి. ఎయిర్‌పోర్ట్ నెత్తిమీదే గంటసేపు గుండ్రంగా తిరిగా, ఇంజన్ ఆగితే అక్కడికే జారొచ్చని. అంతకుముందు అలాంటి ఆర్వీలోనే ఒక ట్రైనర్‌తో కొన్ని గంటలు నేర్చుకున్నా, ఏడేళ్ళు గరాజ్‌లో కూర్చుని ఎగరడం మర్చిపోయినవాడు సొంత విమానంతోనే గుర్తు తెచ్చుకోకూడదు.

ప్రతిసారీ ఎగిరే ముందు ట్యాంకుల అడుగునుంచి కొంచెం పెట్రోలు ఈ గ్లాసులోకి పట్టి చూస్తాం, నీళ్ళు బరువు కాబట్టి అడుగునే ఉంటాయి. ఇక్కడో తమాషా, గ్లాసు నిండా తేటగా ఉంటే బాగుందనుకుంటాం, అసలది మొత్తం నీళ్ళే కావచ్చు. నీలం కనపడాలి. ఇంకోటి కార్బురేటర్‌లో మంచు. ఒహాయో జూన్‌లో, 25 డిగ్రీల ఎండలో మంచేంటి అంటారు, పెట్రోలు ఆవిరయ్యే చోట గాలి ఒక్కసారిగా ఇరవై డిగ్రీల పైన చల్లబడిపోతుంది, గాలిలో తేమ ఉంటే అక్కడే గడ్డకడుతుంది. లైకమింగ్‌లో కార్బురేటర్ వేడి ఆయిల్ తొట్టికి ఆనుకుని ఉంటుంది కాబట్టి కొంచెం నయం, అయినా నాకు ఒకసారి వచ్చింది. ఇంజన్ స్పీడు మెల్లమెల్లగా తగ్గుతుంది, అసలు గమనించనంత మెల్లగా. వేడి గాలి మీట లాగితే ముందు ఇంకా అధ్వాన్నంగా దగ్గుతుంది, కరిగిన మంచు మింగుతోంది కదా, అప్పుడు భయపడి మీట వెనక్కి తోసేశారో అయిపోయారు. లాగి ఉంచాలి, ఆ పది సెకన్లు పదేళ్ళు.

ప్రశ్నలుంటే అడగండి. ఆ, మీరు.

(సభలోంచి: కట్టే ఓపిక లేదన్నా, ఎవరో కట్టింది కొనుక్కుంటే?)

కొనుక్కోవచ్చు తమ్ముడూ, చాలామంది అదే చేస్తారు. కానీ దానికో కథ చెప్పాలి. పాటలు పాడే జాన్ డెన్వర్ ఉన్నాడు కదా, ఆయన 1997లో లాంగ్-ఈజీ అనే చిన్న విమానం కొన్నాడు, బర్ట్ రూటన్ డిజైను, ఎవరో ఇంట్లో కట్టినది. డిజైనులో ట్యాంకు మార్చే మీట పైలట్ చేతికందేచోటే ఉంది. కట్టినాయన, పెట్రోలు గొట్టాలు కాక్‌పిట్‌లోకి రాకూడదని, మంచి ఉద్దేశంతోనే, దాన్ని పైలట్ ఎడమ భుజం వెనక్కి మార్చాడు. అటు ఏ ట్యాంకో ఇటు ఏ ట్యాంకో గుర్తులు కూడా లేవు. ఆయనకి అలవాటే కదా, ఆయన చేతికి తెలుసు. డెన్వర్‌కి రెండువేల ఏడువందల గంటలకి పైగా అనుభవం, అయినా ఈ విమానంలో కొత్త. ఎగిరే ముందు అక్కడి మెకానిక్‌తో కలిసి ఆ మీటకి పట్టకారు పెట్టి పొడుగు చెయ్యాలని చూశారు, కుదర్లేదు, పెట్రోలు మీటర్ వెనకుంటే చూసుకోడానికి మెకానిక్ ఒక అద్దం ఇచ్చాడు. అక్టోబర్ 12న కాలిఫోర్నియాలో మాంటెరీ దగ్గర సముద్రంలో పడిపోయింది. మీట తిప్పడానికి భుజం మీదుగా వెనక్కి తిరిగినప్పుడు కుడికాలు తెలియకుండానే రడ్డర్, అంటే తోక దగ్గరి చుక్కాని, పెడల్ తొక్కింది అని ప్రమాదాలు విచారించే ఎన్‌టీఎస్‌బీ వాళ్ళు తేల్చారు. వాళ్ళే 2012లో ఈ ఇంటివిమానాల మీద ఒక పెద్ద అధ్యయనం వేశారు, కొత్తగా కట్టిన మొదట్లో ఎలా ప్రమాదాలు ఎక్కువో, చేతులు మారిన మొదట్లో కూడా అలాగే అని. కాబట్టి కొంటే కొను, కానీ ముందు కట్టినాయనతో రెండ్రోజులు కూర్చో, ఎక్కడెక్కడ డ్రాయింగ్ దాటి చేశావు బాబాయ్ అని అడుగు. దొరికితే ఆయన డైరీ కూడా తీసుకో.

(సభలోంచి: ఇండియాలో చెయ్యొచ్చా అండి?)

ఇక్కడున్నంత తేలిక కాదు. ముంబైలో అమోల్ యాదవ్ అనే పైలట్ వాళ్ళ ఇంటి డాబా మీద ఆరు సీట్ల విమానం కట్టాడు, డాబా మీదండీ, మనం వడియాలు పెట్టుకునే చోట. 2016లో మేక్ ఇన్ ఇండియా ప్రదర్శనలో పెట్టారు, ఏళ్ళ తరబడి తిరిగి తిరిగి 2017లో రిజిస్ట్రేషన్ తెచ్చుకున్నాడు. ఆ ఓపికలో పదోవంతు కూడా నాకు లేదు, నేను ఒప్పుకుంటా.

ఇంకా... సరే, పిల్లలు ఊరుకోవట్లేదు, డబ్బా తీద్దాం. రండి రండి, తోసుకోకండి. ఇవి కళ్ళద్దాలు, ఇవి చెవులకి. రేకుల్ని కలిపే చిన్న మేకుల్ని రివెట్లంటారు, ఇది వాటిని కొట్టే రివెట్ గన్, ఇది బకింగ్ బార్, ఇనపముక్కే. వీటిని క్లెకో అంటారు, రెండు రేకుల్ని కదలకుండా పట్టుకునే క్లిప్పులు, బట్టల క్లిప్పులాగే. నా విమానంలో ఇలాంటి రివెట్లు పదివేలకి పైనే ఉన్నాయి, ఇద్దరు ఉండాలి ఒక్కోటి కొట్టడానికి, ఒకరు ముందునుంచి గన్ను, ఇంకొకరు వెనకనుంచి బార్ ఆనించాలి. వెనక నలిగిన తల రివెట్ లావుకి ఒకటిన్నర రెట్లు వెడల్పు, సగం ఎత్తు రావాలి, ఇదిగో ఈ రేకుముక్క గేజ్, ఇందులో పట్టాలి.

నువ్వు గన్ను పట్టుకో, నువ్వు వెనక బార్ పట్టుకో. నీ పేరేంటమ్మా? చిన్నదానివి, నువ్వు గేజ్ పట్టుకో, నువ్వే ఇన్‌స్పెక్టర్. వాళ్ళు బానే ఉందంటారు, అది వినకు, గేజ్ పెట్టి చూసి చెప్పు. ముందు నేను ఒకటి కొడతా చూడండి... (రివెట్ గన్ శబ్దం) ఎలా ఉందమ్మా నాది?

(పాప: పట్టట్లేదు అంకుల్.)

ఏదీ చూడనీ... నిజమే. ఆ డ్రిల్లు ఇటివ్వండి, తీసేద్దాం.